తలుపు వైపు తిరగని ఫ్యాన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇదంతా రాసి ముగించాక కూడా లేదనే అంటాను. మా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా విప్పి చూసేది నేనే. మిక్సీ జార్ బుష్ మార్చడం, ఇస్త్రీ పెట్టెకు కొత్త వైరు వేయడం, కూలర్ మోటారు కడిగి బిగించడం, అన్నీ పాడు చేసి చేసి నేర్చుకున్నవే. చౌటుప్పల్‌లో సామాన్ల దుకాణానికి వెళ్తే మొదట్లో "మీ ఇంట్ల మొగోళ్లెవ్వరు లేరా?" అని అడిగేవాళ్లు. నా జవాబు విన్నాక అడగడం మానేశారు.

మా బాపు నల్లగొండ అవతల మా ఊళ్లో గొర్లు కాచిన మనిషి. ఊపిరి జబ్బు ముదిరి గుట్టలెక్కలేక, అమ్మతో పాటు నా దగ్గరికి వచ్చాడు. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ, కిరాయి ఇంట్లో ఉంటాను. కిటికీ పక్క మూలన బాపు మంచం వేశాం. ఎదురుగా స్టూలు మీద పాత టేబుల్ ఫ్యాన్. అది తల అటూ ఇటూ తిప్పితే ఆయనకు నచ్చేది కాదు.

"తిప్పకు బిడ్డా. గాలి నా దిక్కే ఉండనియ్యి. జర ఊపిరాడ్తది" అనేవాడు.

ఆయన హైదరాబాద్ దవాఖానలో పోయాడు. ఊరికి తీసుకుపోయే దారిలోనే చౌటుప్పల్. కాసేపు ఇంటి ముందు దించి, ఇరుగు పొరుగు చూశాక తీసుకుపోదామని అమ్మ అడిగింది. నేను ఓనరుకు ఫోన్ చేశాను.

"పీనుగను ఇంటి కాడికి తేవద్దు చెల్లె. రేపు ఇంకొకలు కిరాయికి రారు" అన్నాడు.

కిరాయి ఇళ్లలో ఇది మామూలే. సొంత జాగా లేనివాళ్లు చావును కూడా బయటే పెట్టుకోవాలి. అంబులెన్సు మా వీధి మలుపు దాటి హైవే మీద ఆగకుండా వెళ్లిపోయింది. అమ్మ అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ అట్లాగే ఉంది.

కర్మలన్నీ ఊళ్లోనే జరిగాయి. బాపు మంచాన్నీ గొంగడినీ వాడకూడదని పెద్దలంటే అవీ అక్కడే వదిలేశాం. తిరిగొచ్చేసరికి కిటికీ మూల ఖాళీగా ఉంది. ఎండలు మండుతున్నాయి. ఇద్దరికీ గాలి రావాలని ఫ్యాన్ తల తిరిగేలా వెనక బొత్తాం నొక్కి స్విచ్ వేశాను. అది రెండు సార్లు అటూ ఇటూ తిరిగి, కిటికీ మూలకు రాగానే ఆగిపోయింది. రెక్కలు మాత్రం తిరుగుతున్నాయి.

పళ్ల చక్రం అరిగిందనుకున్నాను. విప్పి చూస్తే పళ్లు బాగానే ఉన్నాయి. అయినా కొత్తది వేసి, గ్రీసు పెట్టి బిగించాను. మళ్లీ అదే మూలకు ఆగింది. లోపల ఏదైనా అడ్డు తగులుతుంటే, ఫ్యాన్‌ను జరిపి పెట్టినప్పుడు ఆగే చోటు కూడా దాంతో పాటు జరగాలి కదా. అడుగు భాగాన్ని పక్కకు తిప్పి పెట్టాను. ఫ్యాన్ జరిగింది గానీ ఆగే చోటు జరగలేదు.

నాకు మొండితనం ఎక్కువ. చక్రాన్నీ, తల తిప్పే కమ్మీనీ పూర్తిగా పీకేశాను. తల తలుపు వైపు పెట్టి, మెడను స్టాండుకు ఇనుప తీగతో కట్టి, పట్టకారుతో మెలేశాను. స్విచ్ ఆపి, ఇంటికి తాళం వేసి, అమ్మను వెంటబెట్టుకుని కూరగాయలకు వెళ్లాను. తాళం చెవి నా దగ్గరే ఉంది.

వచ్చి చూస్తే ఫ్యాన్ కిటికీ మూలను చూస్తోంది. తీగ తెగలేదు. నేను మెలేసిన మెలిక అట్లాగే ఉంది. దాన్ని విప్పడానికి మళ్లీ పట్టకారు కావలసి వచ్చింది.

అమ్మ సంచి కింద పెట్టి గట్టిగా ఏడ్చింది. "వాకిట్లకు గూడ రానియ్యకపాయిరి. గందుకే మీ బాపు వచ్చిండు."

ఆ ఏడుపు కింది వాటాలో ఉండే ఓనరు దాకా వెళ్లింది. మెట్లెక్కి వచ్చి, అమ్మ నోట సంగతి విన్నాడు.

"గా పంకాను బయట పారేయి చెల్లె. లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్యున్రి. ఇంట్ల గిట్లాంటివి నాకొద్దు."

నా ఒళ్లు మండింది. "మనిషినైతే ఆపినవ్ అన్నా. పంకా నాది, మరమ్మతు నాది. నేను ఖాళీ చెయ్య. గంత భయమైతే నువ్వే తిప్పుకో" అన్నాను.

ఆయన నిజంగానే తన చేత్తో దాని తలను తలుపు వైపు తిప్పాడు. చేతులు దులుపుకుని గడప దాటబోతూ వెనక్కి చూశాడు. నేనూ చూశాను. స్విచ్ వేయలేదు, మేమెవరం దాని దగ్గర లేము. అది మెల్లగా వెనక్కి తిరిగి కిటికీ మూల దగ్గర ఆగింది.

ఓనరు గబగబా మెట్లు దిగిపోయాడు. ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

కమ్మీ పీకేశాను కాబట్టి తల వదులుగా ఉండి నేల వాలుకు తిరిగిందేమోనని మరునాడు గది మధ్యలో నీళ్లు పోశాను. నీళ్లు తలుపు వైపే పారాయి. సరే, వాలు కాదు. మరి తీగ సంగతేమిటి? నాకు తెలియదు. తెలియదంటే తెలియదు, అంతే. దయ్యమని మాత్రం నాతో ఎవరూ అనిపించలేరు.

ఆ మూలన ఇప్పుడు నవారు మంచం కొని వేశాను. పీకేసిన చక్రం డబ్బాలో ఉంది. బిగించడం పెద్ద పనేం కాదు, కానీ బిగించను. ఒకసారి వాకిట్లోకే రానివ్వని మనిషిని మళ్లీ తలుపు వైపు తిప్పడానికి నాకు చేతులు రావు.