మామగారి సాక్షిగా పొగ పరీక్ష

తన పరువును చేతులారా తీసుకెళ్ళి సైలెన్సర్‌లో దోపుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి, చూసినట్టే.

మా తోడల్లుడు ప్రసాదు అన్నయ్యంటే నాకు కుళ్ళు. ఉన్నమాటే చెబుతున్నాను. ఆయన కంకిపాడు నుంచి పాత స్కూటరు మీద వన్ టౌన్‌లోని మా అత్తవారింటికి వస్తే సందంతా పొగ కమ్మి, దోమలు కూడా ఇళ్ళు ఖాళీ చేసేవి. అయినా మామగారు ఎక్కడికెళ్ళాలన్నా ఆ స్కూటరే ఎక్కేవారు. తళతళలాడే నా మోటార్ సైకిల్ గుమ్మం ముందు ఊరికే నిలబడేది, నాలాగే.

ఒకరోజు మంగళగిరి చీరలకు బయలుదేరుతూ మామగారు, "వారధి దగ్గర చెకింగంట. పొల్యూషన్ కాగితం ఎవరికుంది?" అన్నారు. మా తోడల్లుళ్ళిద్దరి కాగితాలకీ గడువు దాటిపోయింది. నా పంట పండింది.

"సందు చివరే టెస్టింగ్ వ్యానుంది మావయ్యగారూ. పాసైన బండే ఎక్కండి."

"అట్టాగే కానీ అల్లుడూ."

దుమ్ము పడుతుందని నా బండిని స్టార్ట్ చేయకుండా, పెళ్ళికూతురిని తీసుకెళ్ళినట్టు నడిపించుకెళ్ళాను.

ముందు స్కూటరు. వ్యానతను సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, నంబరు ప్లేటు ఫోటో తీసి, "పాసండీ!" అన్నాడు.

"పాసా? ఆ పొగ కనపడట్లేదాండీ?"

"కనపడే పొగతో మెషిన్‌కి పనిలేదండీ. బండి నిలబడి ఉన్నప్పుడొచ్చే గ్యాసుల్నే కొలుస్తది. రోడ్డు మీద ఏం వదిలితే దానికేం తెలుసు?"

నా వంతు వచ్చింది. చోక్ లాగి కిక్ కొట్టాను.

"ఇంజను చల్లగా ఉందండీ. ఇట్టా అయితే రీడింగ్ ఎక్కువొస్తది. ఓ రౌండు కొట్టి రండి."

"తిరిగిరా తమ్ముడూ, మేం ఆగుతాంలే," అన్నాడు ప్రసాదు అన్నయ్య. ఆ జాలికి నా ఒళ్ళు భగ్గుమంది.

"ఇంత బండికి రౌండేంటండీ! పెట్టండి గొట్టం!"

పెట్టాడు. ఫెయిలు.

మామగారు నా భుజం తట్టి, "పైకి బాగానే ఉంటది అల్లుడూ, లోపలే ఏదో తేడా," అన్నారు. ఆయన అన్నది బండి గురించేనని మా ఆవిడ ఇప్పటికీ నన్ను ఓదారుస్తూ ఉంటుంది.

స్కూటరు కదిలింది. మామగారు పెద్దల్లుడి భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఆ చెయ్యి నా భుజం మీద ఉండాల్సింది. పాసైన పొగలో నేనూ వ్యానతనూ కాసేపు దగ్గాం.

అక్కడే, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో తోడల్లుడి మీద కుళ్ళుకోను. కుళ్ళుకోక తప్పకపోతే, ముందు ఇంజను వేడెక్కనిస్తాను.