అత్తయ్యగారు నీళ్ళలోకి దిగిన సాయంత్రం

నేను పుట్టి పెరిగింది కాకినాడలో. సముద్రం మా ఇంటికి సైకిలు దూరం. ఆ మాట చెప్పగానే ఆఫీసులో అందరూ, అయితే నీకు ఈత బాగా వచ్చి ఉంటుందే అంటారు. రాదు. మా ఇంట్లో సముద్రం చూడ్డానికే గానీ దిగడానికి కాదు, అందులోనూ ఆడపిల్లలు. సెలవు రోజున ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళం. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, చీలమండలు తడిసేదాకా నిలబెట్టి, రెండో కెరటం రాకముందే వెనక్కి లాగేసేది. ఆ లాగడం ఒంట్లో ఉండిపోయిందేమో, పెద్దయ్యాక కూడా నీళ్ళు మోకాళ్ళు దాటితే ఊపిరి బిగబట్టేదాన్ని.

మా ఆయనది ఇక్కడే, లింగంపల్లి దగ్గర ఊరు. ఊరంటే ఒకప్పటి ఊరు. ఇప్పుడది కాలనీల మధ్య ఒక బస్టాపు పేరు. ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళి చేసుకున్నాం. మదీనాగూడలో తొమ్మిదో అంతస్తులో ఉంటాం. మామయ్యగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరికే వచ్చేశారు. ఆవిడకీ నాకూ గొడవలేమీ లేవు. అలాగని పెద్ద చనువూ లేదు. ఆవిడ నన్ను 'బిడ్డా' అంటారు, నేను 'అత్తయ్యగారూ' అంటాను, మధ్యలో కూరగాయల గురించి, పాలవాడి గురించి మాట్లాడుకుంటాం. అంతే.

మా పెళ్ళయి పదేళ్ళవుతోందని మా ఆయన అండమాన్‌కి టికెట్లు తీశాడు. అక్కడ ముఖానికి అద్దం తగిలించుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళలో తల ముంచి చేపల్ని చూడడం ఉంటుందట. స్నార్కెలింగ్. వెళ్ళేలోపు నా భయం కొంచెమైనా వదలాలని, శంకర్‌పల్లి వైపు ఒక చెరువులో అలాంటిదే నేర్పుతారని తెలిసి, ఓ శనివారం సాయంత్రానికి ఇద్దరికీ చోటు రాయించాడు. పడవలో చెరువు మధ్యకి తీసుకెళ్ళి, తేట నీళ్ళున్న చోట కాసేపు ఇది నేర్పి, పొద్దు గుంకే వేళకి పాడిల్ బోర్డు ఎక్కిస్తారు. నీళ్ళ మీద తేలే వెడల్పాటి పలక అది. దాని మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవాలి.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా మా ఆయనకి ఫోను వచ్చింది. ఆఫీసు సాఫ్ట్‌వేరు రిలీజులో ఏదో తేడా చేసిందట. పళ్ళెం ముందునుంచి లేచి లాప్‌టాప్ తెరిచినవాడు మళ్ళీ తలెత్తలేదు. మూడింటికి, నువ్వొక్కదానివే వెళ్ళు, నాకు కుదరదు అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు లోపల హాయిగానే అనిపించింది. సాకు దొరికింది. ఒక్కదాన్నే ఏం వెళ్తానండీ, మానేద్దాం అన్నాను.

అత్తయ్యగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నేనొస్త తీ. నువ్వు నీళ్ళల్ల దిగు, నేను సంచి పట్టుకోని కూసుంట" అన్నారు.

నేను కారు తాళాలు తీసుకున్నాను.

కారులో మా ఆయన బట్టల సంచి అప్పటికే సర్ది ఉంది, దాన్ని తీసి లోపల పెట్టే ఓపిక కూడా లేక అలాగే బయల్దేరాను. హైవే మీదికి రాగానే అత్తయ్యగారు కిటికీలోంచి ఒక పెద్ద బట్టల దుకాణం కేసి వేలు చూపించారు. "గా దుకాణం ఉన్నకాడనే మా నాయిన బాయి ఉండె. మేం గా బాయిలనే ఈతగొట్టేటోళ్ళం" అన్నారు, మామూలుగా, పాలవాడు ఇవాళ ఆలస్యంగా వచ్చాడన్నట్టు.

నేను బ్రేకు మీద కాలు పెట్టబోయి ఆగాను. మీకు ఈతొచ్చా అని అడిగాను. ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ అన్న ఎండిన ఆనపకాయ బుర్రని నడుముకి కట్టి బావిలోకి తోశాడట. మూడోరోజుకి బుర్ర విప్పేశారట. ఎండాకాలం పొద్దున పోతే అన్నం వేళకి పిలిచేదాకా బావిలోనే ఉండేవారట అక్కాచెల్లెళ్ళు ముగ్గురూ. పదిహేడో ఏట పెళ్ళయింది, అత్తగారింట్లో కోడలు బావిలో దూకితే ఏమనుకుంటారని దూకలేదు. ఆ తరవాత దూకడానికి బావే లేదు. ఆవిడకిప్పుడు అరవై మూడు. లింగంపల్లి దాటేదాకా నేను ఆవిడ ఈత మానేసి ఎన్నేళ్ళయిందో లెక్కలు కడుతూనే ఉన్నాను.

చెరువు దగ్గర మాకు నేర్పే ఆవిడ ముప్పై దాటిన మనిషి, ఎండకి కమిలిన ముఖం. ఇదివరకు మాలాగే సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి మానేసిందట. వానలు వెనకబట్టి రెండు నెలలైంది, మట్టి అడుగుకి దిగి నీళ్ళు తేటబడ్డాయి, మంచి రోజున వచ్చారంది. అత్తయ్యగారి చీర చూసి మాత్రం తల అడ్డంగా ఊపింది. పడవ ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే చీరతో వద్దు, పొరపాటున పడితే కాళ్ళకి చుట్టుకుంటుంది అంది. ఒడ్డునే కూర్చోమని చెప్పబోతున్నాను. అత్తయ్యగారు నా చేతిలోంచి మా ఆయన సంచి తీసుకుని బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళిపోయారు.

పావుగంట గడిచింది. వెళ్ళి తలుపు తట్టాను. బయటికొచ్చిన అత్తయ్యగారిని చూసి నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది. నల్ల ట్రాక్ ప్యాంటు, కాళ్ళ దగ్గర నాలుగు మడతలు. పైన మా ఆఫీసు పరుగు పందేనికి ఇచ్చిన పసుప్పచ్చ టీషర్టు, మోకాళ్ళ దాకా. "గిట్లనే నవ్వు బిడ్డా. నా కొడుకు సూస్తే ఫోటో తీస్తడు" అని ఆవిడే ముందు నవ్వేశారు. పదేళ్ళలో ఆవిణ్ణి చీర లేకుండా చూడడం అదే మొదలు. జుట్టు ముడి బిగించి, లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవలో ముందు బల్ల మీద కూర్చున్నారు.

మాతో ఇంకో నలుగురు ఉన్నారు, వాళ్ళు వాళ్ళ లోకంలో ఉన్నారు. పడవ మధ్యకి పోతుంటే దూరంగా ఆకాశంలో మా ఆఫీసుల వైపు భవనాలు బూడిదరంగు గీతల్లా కనబడ్డాయి. కాసేపటికి బండలు నీళ్ళలోంచి తలెత్తి ఉన్న చోట ఆపారు. అక్కడ లోతు నా నడుము దాకానే.

నేను దిగాను. అద్దం తగిలించుకున్నాను, గొట్టం పళ్ళ మధ్య పట్టుకున్నాను. తల ముంచాను. నీళ్ళు చెవుల్ని ముయ్యగానే తల బయటికి లాగేసుకున్నాను. లేచి దగ్గాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ లేచాను. మూడోసారి గొట్టంలోకి నీళ్ళు పోయి, ముక్కులోంచి కళ్ళలోంచి కారి, ఇంక నావల్ల కాదని పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను. నేర్పే ఆవిడ ఓపిగ్గా, తొందర లేదు మేడమ్ అంటోంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది. నడుము లోతు నీళ్ళు, ఒంటికి జాకెట్, అయినా ఇంత భయం.

పైనుంచి అత్తయ్యగారు నన్నే చూస్తున్నారు. తరవాత నేర్పే ఆవిడతో, "అమ్మా, జర నాకు గూడ ఒకటిస్తవా? నేను దిగుత" అన్నారు.

ఆంటీ, మీకు ఈతొచ్చా అని అడిగింది ఆవిడ.

"వచ్చేది. మర్శిపోయిన్నో లేదో దిగితే తెలుస్తది."

నిచ్చెన పట్టుకుని మెట్టు మెట్టుగా దిగారు. నీళ్ళు తగలగానే చల్లదనానికి భుజాలు పైకి లేపారు. ఒక్క క్షణం బండ మీద నిలబడి అరచేతుల్తో నీళ్ళని అటూ ఇటూ నిమిరారు. ఆపైన వెనక్కి వాలిపోయారు, మంచం మీద వాలినట్టు. కాళ్ళు వాటంతటవే పైకి తేలాయి. చేతులు చాపి, కళ్ళు మూసుకుని, ఆకాశం కింద అలా ఉండిపోయారు. జాకెట్ కిందనుంచి పసుప్పచ్చ చొక్కా నీళ్ళలో బుడగలా ఉబ్బింది. నేర్పే ఆవిడ నాకేసి చూసి, ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదా మేడమ్ అంది. నాకూ రెండు గంటల క్రితమే తెలిసిందన్నాను.

అత్తయ్యగారు లేచి నా దగ్గరికొచ్చారు. బోర్లా పడుకోమన్నారు. నా పొట్ట కింద అరచెయ్యి పెట్టారు. అంతకుముందు ఆవిడ చెయ్యి నాకు తగిలింది పండగలకి దణ్ణం పెట్టినప్పుడు నెత్తి మీద మాత్రమే.

"నీళ్ళతోటి కొట్లాడకు బిడ్డా. కొట్లాడితె ముంచుతయ్. ఒళ్ళు ఇడిసెయ్యి, నీళ్ళే మోస్తయ్. నా చెయ్యి ఉన్నది, ఫికర్ జెయ్యకు."

తల ముంచాను. గొట్టంలో నా ఊపిరి చప్పుడు పెద్దగా వినబడింది. లేచిపోదామనుకున్నాను, కానీ పొట్ట కింద చెయ్యి ఉంది. ఒకటి, రెండు, మూడు అని ఊపిరి లెక్కపెట్టుకున్నాను. పదో లెక్కకి భుజాలు వదులయ్యాయి. అప్పుడు కళ్ళు తెరిచాను. ఆకుపచ్చ గాజులోంచి చూస్తున్నట్టుంది. బండ మీద నాచు మెల్లగా ఊగుతోంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా దిగి అడుగున వలలాగా కదులుతోంది. ఆ వెలుగులోకి పరిగెల గుంపు ఒకటి వచ్చింది, వేలెడంత చేపలు, వందేమో ఇంకా ఎక్కువేమో, అన్నీ ఒక్కసారి పక్కకి తిరిగితే పిడికెడు రూపాయి బిళ్ళలు చల్లినట్టు మెరిశాయి. నోట్లో గొట్టం ఉందని మర్చిపోయి ఏదో అనబోయాను. ఎంతసేపు చూశానో తెలీదు. తల పైకెత్తేసరికి అత్తయ్యగారు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, నాకు రెండు బారల దూరంలో నిలబడి ఉన్నారు. చెయ్యి ఎప్పుడు తీసేశారో నాకు తెలియనే లేదు.

తరవాత ఆవిడ వంతు. అద్దం తగిలించుకుని తల ముంచారు. బావిలో ఎన్నిసార్లు మునిగినా కళ్ళు తెరిస్తే అంతా మసకగానే ఉండేదట, కింద ఏముందో చేత్తో తడిమి తెలుసుకోవడమే. ఇప్పుడు నిలబడిన చోటే వంగి, తన పాదాల్నే చూసుకుంటూ ఉండిపోయారు. చిన్న చేపలు కాలివేళ్ళ చుట్టూ మూగి ముక్కులతో పొడుస్తున్నాయి. చాలాసేపటికి లేచి అద్దం నుదుటి మీదికి తోసుకున్నారు. ముఖం మీద అద్దం అచ్చు గుండ్రంగా పడింది.

"నా కాళ్ళు నాకే కొత్తగ కొడుతున్నయ్ బిడ్డా" అన్నారు. అని మళ్ళీ ముంచారు. ఇంక ఆవిణ్ణి నీళ్ళలోంచి లేపడం నాకూ, నేర్పే ఆవిడకీ సాధ్యం కాలేదు. బండల చుట్టూ మూడు చుట్లు తిరిగారు. ఒకచోటి నుంచి చెయ్యెత్తి నన్ను రమ్మని పిలిచారు. వెళ్తే, రెండు రాళ్ళ సందులో ఒక కొర్రమీను కదలకుండా కూర్చుని మావైపే చూస్తోంది. ఇద్దరం పక్కపక్కన తేలుతూ దాన్ని చూశాం. దానికి విసుగొచ్చి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా పాడిల్ బోర్డులు దించారు. ఇందులో మాత్రం అత్తయ్యగారి పాత విద్య ఏమీ పనికిరాలేదు. మోకాళ్ళ మీద బాగానే ఉన్నారు. లేవబోతే పలక పక్కకి జారేది, ఆవిడ రెండో పక్కకి పడేవారు. పడ్డప్పుడల్లా నీళ్ళు ఉమ్మేసి నవ్వేవారు. నాలుగోసారికి మోకాళ్ళు ఇంక తన మాట వినవని చెప్పి, నా పలక మీదికే ఎక్కి, ముందుభాగాన బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. నువ్వు నడుపు, నేను సూస్త అన్నారు.

నేను మోకాళ్ళ మీదే తెడ్డు వేశాను. చెరువంతా కుంకుమ కలిపినట్టుంది. ఎదురుగా ఆవిడ తడి జుట్టు ముడి ఊడి వీపు మీద పరుచుకుంది, సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు. గట్టు మీద కొంగలు గూళ్ళకి పోతున్నాయి. అత్తయ్యగారు వెనక్కి తిరగకుండానే వాళ్ళ చిన్నక్క గురించి చెప్పడం మొదలుపెట్టారు. బావిలో కొంగు ముడి ఊడి డబ్బుల మూట మునిగితే, తల్లి కొడుతుందని రెండ్రోజులు ఇద్దరూ మునిగి మునిగి వెతికారట. దొరికేసరికి కళ్ళు ఎర్రబడి, కళ్ళకలక అనుకుని ఇద్దరికీ మందు వేశారట. చెబుతూ చెబుతూ నవ్వుతున్నారు, పలక ఊగుతోంది. ఆ ఊపులో నాకేం ధైర్యం వచ్చిందో, నిలబడి చూడనా అన్నాను. నిలవడు బిడ్డా అన్నారు. లేచాను. నిటారుగా నిలబడ్డాను, తెడ్డు రెండుసార్లు వేశాను, మూడోసారి వేశాను. సూర్యుడు సగం మునిగి సగం ఉన్నాడు. అత్తయ్యగారూ, నేను నిలబడ్డానండీ అన్నాను. ఆవిడ చూద్దామని వెనక్కి తిరిగారు. ఆ తిరగడంతో ఇద్దరం ఢామ్మని నీళ్ళలో పడ్డాం.

నీళ్ళలో పడ్డప్పుడు నాకు మొదట వచ్చింది నవ్వు. భయం కోసం లోపల వెతుక్కున్నాను కూడా. కనబడలేదు.

ఒడ్డుకొచ్చాక తువ్వాళ్ళు కప్పుకుని వేడి వేడి చాయ్ తాగాం, ఉప్పూ కారం రాసిన కాల్చిన మొక్కజొన్న కండె చెరొకటి తిన్నాం. మా ఆయన ఫోను చేశాడు. భయపడ్డావా అని అడిగాడు. ఫోను అత్తయ్యగారికిచ్చాను. ఆవిడ కొర్రమీను గురించి, పరిగెల గురించి, నేను నిలబడడం గురించి వరసగా చెప్పుకుపోతున్నారు. అమ్మా నీకు ఈతొస్తదా అని అడిగినట్టున్నాడు. ఆవిడ కండె కొరుకుతూ, "నీకు నడకొచ్చిందానికంటే ముందే వచ్చు" అన్నారు.

అండమాన్‌కి ఆవిణ్ణి రమ్మన్నాం. మీ పెళ్ళిరోజుకి నేనెందుకు, మీరిద్దరే పోయి రండ్రి అన్నారు. పైగా ఉప్పునీళ్ళు తనకొద్దట. నేను అక్కడ తల ముంచి ఎన్నో రంగుల చేపల్ని చూశాను, రోజూ ఆవిడకి ఫోను చేసి చెప్పాను. తిరిగొచ్చాక ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఇంట్లో ఆవిడ లేరు. కిందికి దిగి చూస్తే మా అపార్ట్‌మెంటు ఈతకొలనులో ఉన్నారు, కొత్తగా కొనుక్కున్న ఈత దుస్తుల్లో, తల మీద నీలం టోపీతో. ఐదో అంతస్తులో ఉండే ఆవిడ, నా వయసే, పిడికిళ్ళు బిగించి నీళ్ళలో బోర్లా పడుకుని ఉంది. అత్తయ్యగారి చెయ్యి ఆమె పొట్ట కింద ఉంది. నన్ను చూసి, చాయ్ పెట్టి ఉంచు, ఇంకో పావుగంటల వస్తనని చెప్పారు.