మూడో ట్యూబుకి ఆకుపచ్చ దారం

"అన్నం తినెయ్యి. నాకోసం సూడకు," అన్నారు మా ఆయన సైకిలు ఎక్కుతూ.

"మీరు రాకుండా నేనెప్పుడు తిన్నాను? బేగి రండి," అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ల్యాబుకి రక్తం శాంపిళ్లు తేవడానికి రావికమతం వెళ్లారు. వస్తూ వస్తూ దారిలో గుండె ఆగిపోయింది.

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. మాది మిషను చర్చి కుటుంబం. చిన్నప్పుడు సమాధుల మధ్య గడ్డి కోసి మేకలకు వేసేదాన్ని. ఎవరూ లేచి వచ్చి ఇదేమిటని అడగలేదు. అందుకే ఇది ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మా చెల్లెలి కూతురు రూతు రాస్తానంటే చెబుతున్నాను.

తొంభైల్లో నర్సీపట్నంలో ఒక చిన్న ల్యాబులో ఆయన టెక్నీషియను. నేను అక్కడే ట్యూబులు కడిగేదాన్ని. నాకు సంతకం తప్ప చదువు లేదు. కానీ రంగులు ఆయనే నేర్పారు.

ఒంట్లో ప్రొటీను ఎంతుందో చూడడానికి మూడు ట్యూబుల్లో నీలం మందు పోస్తారు. మొదటి దాంట్లో ఇంకేమీ కలపరు, అది నీలంగానే ఉంటుంది. రెండో దాంట్లో ఎంతుందో ముందే తెలిసిన ప్రొటీను కలుపుతారు. కొట్లో తూకం రాయి లాంటిదన్న మాట. మూడో దాంట్లో రోగి రక్తం మీద తేలిన పసుపు నీరు కలుపుతారు. కాసేపటికి వంకాయ రంగు వస్తుంది. రంగు చిక్కగా ఉంటే ప్రొటీను బాగున్నట్టు, వెలిసినట్టుంటే తగ్గినట్టు. తర్వాత మిషనులో పెట్టి లెక్క చూస్తారు.

ఎప్పుడైనా ఆయనకు అనుమానం వస్తే, మళ్లీ చేయాల్సిన ట్యూబు మెడకు దారం కట్టేవారు. చీటీ అంటిస్తే నేను చదవలేను కదా. నా పాత ఆకుపచ్చ చీర అంచులోంచి పోగు లాగి, రెండు చుట్లు చుట్టి పక్కకు ముడి వేసేవారు. దారం ఉంటే నేను కడగకూడదు.

ఆయన పోయినప్పుడు ఆ చీర మడిచి శవపెట్టెలో ఆయన తల కింద పెట్టాను. ల్యాబులో ఆయన సొరుగు కూడా నేనే ఖాళీ చేశాను. ఒక్క పోగు లేదు.

తర్వాత జ్యోతి అని కొత్త టెక్నీషియను వచ్చింది. మంచి పిల్ల, కాస్త తొందర.

రెండేళ్లయ్యాక ఒక ఉదయం కృష్ణదేవిపేట నుంచి ఒక తల్లి నాలుగేళ్ల పాపను తెచ్చింది. మొహం ఉబ్బిపోయింది, కాళ్లు నొక్కితే గుంట పడుతోంది. ప్రొటీను సరిగ్గా ఉంటే మందులిచ్చి ఇంటికి పంపుతానని, తగ్గితే ఆ పూటే విశాఖ తీసుకెళ్లాలని డాక్టరుగారు చెప్పారు.

జ్యోతి పరీక్ష చేసింది. మూడో ట్యూబు చిక్కటి వంకాయ రంగు. మిషనులోనూ బాగానే వచ్చింది. "పరవాలేదమ్మా, భయం లేదు," అని చెప్పి, రిపోర్టు రాయడానికి ముందు గదిలోకి వెళ్లింది. ఆ తల్లి అప్పుడే పాప చెప్పులు తొడుగుతోంది.

నేను కడగడానికి స్టాండు తీసుకున్నాను. మూడో ట్యూబు మెడకు ఆకుపచ్చ దారం. రెండు చుట్లు, పక్కకు ముడి.

పొద్దున ఆ ట్యూబులు కడిగి ఆరబెట్టింది నేనే. అప్పుడు దారం లేదు. ఆ గదికి ఒకటే తలుపు. నేను దాని ఎదురుగానే ఉన్నాను, జ్యోతి తప్ప ఎవరూ రాలేదు. నాకు భయం వేయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్టాండు పట్టుకుని ముందు గదికి వెళ్లి జ్యోతికి దారం చూపించాను. "ఈ పరీచ్చ మళ్లీ సెయ్యమ్మా," అన్నాను.

"ఏటి పిన్నీ, దారం సూసి రిపోర్టు ఆపమంటావా? రేపు గాజులు సూసి జొరం సెప్తావేమో! నువ్వే కట్టుంటావులే."

"నేను కట్టలేదు. నా ఉద్యోగం తీయించేసినా పరవాలేదు. నేనిది కడగను. ఆ పాపని ఆపు."

జ్యోతి నా మొహం చూసింది. మిగిలిన పసుపు నీటితో మళ్లీ మొదటి నుంచీ చేసింది. ఆ తల్లితో కలిసి ముగ్గురం నిలబడి ఆ ట్యూబునే చూశాం. ఎంతసేపైనా రంగు చిక్కబడలేదు. నీలం మీద ఏదో వెలిసిన ఛాయ, అంతే.

జ్యోతి కుర్చీలో కూలబడింది. తొందరలో పాప రక్తపు నీటికి బదులు తూకం ప్రొటీనే రెండు ట్యూబుల్లోనూ పోసినట్టుంది. ఆ మధ్యాహ్నమే పాపను విశాఖ తీసుకెళ్లారు. కొన్ని నెలలకు ఆ తల్లి పాపను చూపించడానికి వచ్చింది. వాపు లేదు, చేతిలో జంతికలు. "అమ్మమ్మకి ఒకటియ్యే," అని తల్లి నన్ను చూపిస్తే, పాప ఇవ్వకుండా వెనక్కి దాచుకుంది.

జ్యోతి పొరపాటు ఎలా జరిగిందో తెలిసింది. దారం సంగతే తెలియదు. జ్యోతి కట్టలేదని ప్రమాణం చేసింది. పాస్టరుగారు దేవుడి దయ అన్నారు, కాదని నేను అనలేదు. కానీ దేవుడికి ఆ ముడి ఎవరు నేర్పారో అడగాలనిపించింది, అడగలేదు. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కదు.

ఇంతే రూతూ. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు, వింటాను. నేను చూడనిది చూశానని నీ రాతలో ఎక్కడైనా పడిందేమో.