గబ్రియేలు సాబు పొడుగు కొలకట్టె

ఈ ఉదయం మా ఆఫీసు వెనక కొత్త గోడ కోసం గానుగలో సున్నం తిప్పుతున్నారు. తడి సున్నం నలిగే వాసన కిటికీలోంచి లోపలికి రాగానే నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ వాసనను నాకు మొదట పరిచయం చేసినవాడు గబ్రియేలు సాబు. నేను ఓవర్సీరు పరీక్ష ప్యాసై సిద్దిపేటకు వచ్చిన కొత్తలో, ఆ చుట్టుపక్కల చెరువుల మరమ్మతులు చూసే సూపర్వైజరు ఆయన. పొట్టి మనిషి, పిల్లికళ్ళు, ఖాకీ నిక్కరు, తలకు రుమాలు. మాట మాత్రం అచ్చంగా సిద్దిపేట బజారు మాట.

తన ముత్తాత తండ్రి ఫ్రెంచివాడని ఆయన చెప్పేవాడు. పుదుచ్చేరి నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరాడట. ఫ్రెంచి పటాలం రద్దయినప్పుడు మిగతావాళ్ళతో వెళ్ళిపోకుండా, ఈ ప్రాంతపు పిల్లను పెళ్ళాడి, దేశ్‌ముఖుల చెరువులకు తూములు కట్టించుకుంటూ ఉండిపోయాడట. ఊళ్ళో ఎవరూ నమ్మేవారు కాదు. పట్నంలోని చర్చి పుస్తకాలు చూద్దామని వెళితే చెదలు తినేశాయి. ఇంట్లో మిగిలింది ఒక కొలకట్టె, తరతరాలుగా చెప్పుకుంటున్న ఒక మాట: "చెరువు కట్ట కింద, నీళ్ళ దిక్కు తల పెట్టి పండుకున్నడు." కానీ ఆ ప్రాంతంలో చెరువు లేని ఊరేది? అందుకే గబ్రియేలు సాబు పట్నంలో పెద్ద ఉద్యోగం ఇస్తామన్నా వెళ్ళలేదు. ఎక్కడ పాత చెరువు మరమ్మతుకు వచ్చినా ముందు తనే వెళ్ళి, కట్టను ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచేవాడు.

ఆయనకంటే ఆత్రం వాళ్ళ అక్క తెరేసమ్మకు ఉండేది. చనిపోయినవాళ్ళ పండుగనాడు వాళ్ళ మతంలో అందరూ సమాధుల మీద మైనపువత్తులు వెలిగిస్తారు. సమాధి జాడ తెలియని ఆ పెద్దాయన వత్తిని తెరేసమ్మ కిటికీ గూట్లో పెట్టేది. నేను ఎరిగేనాటికే ఆమె బాగా నీరసించింది. "నేను పొయ్యేలోపల ఒక్కసారన్న గా ఒత్తి ఆయన తల కాడ పెట్టాలె తమ్మీ. కిటికీకి మొక్కి మొక్కి యాష్టకొచ్చింది," అని తమ్ముణ్ణి దెప్పేది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనం చేశాక ఆ కొలకట్టెను చూపించారు. రెండు చివరలా ఇత్తడి తొడుగులు, మధ్యలో పన్నెండు గీతలు. నా జేబులోని స్కేలు తీసి పక్కన పెట్టాను. అడుగు కంటే ముప్పావు అంగుళం పైనే ఎక్కువగా ఉంది.

"సాబ్, గిది తప్పు కట్టె," అన్నాను.

"తప్పు గాదు నర్సింలూ, వేరే రాజు కట్టె. ఫ్రెంచోళ్ళ అడుగు ఇంగ్లీషోళ్ళ అడుగు కంటె పొడుగు. మా తాత గీ ఇల్లంత దీనితోనే కట్టిండు."

"కట్టిండు, కట్టిండు," అంది తెరేసమ్మ వంటింట్లోంచి. "బజార్ల కొన్న తలుపు ఒక్కటి పట్టదు. వడ్లాయన తిట్టుకుంటనే పోతడు. చలికాలమంత ఇంట్ల ఫ్రెంచి గాలే!"

ఆ తర్వాతి ఎండాకాలం తొగుట దిక్కు ఒక ఊరి చెరువు తూము కూలింది. కట్ట కింద సున్నం పూసిన పాత గద్దె ఒకటి ఉంది. దాని రాళ్ళు విప్పి తూముకు వాడుకుంటానని గుత్తేదారు మల్లయ్య అడిగాడు. విప్పేముందు కొలతలు రాసుకోవాలి. నేను టేపు పట్టి చెబుతుంటే గబ్రియేలు సాబు రాస్తున్నాడు.

"పొడుగు ఆరడుగుల అయిదంగుళాలు సాబ్."

"సరిగ్గ అయిదేనా?"

"పావు తక్కువ. రాళ్ళ లెక్కల పావు ఎవరు చూస్తరు?"

"గా పావు నీ ఇంట్లకెళ్ళి తెచ్చి కలుపుతున్నవా? ఉన్నది చెప్పు."

వెడల్పు మూడడుగుల రెండంగుళాలు దాటి ఇంకో పావు పైన. ఎత్తు రెండడుగుల ఒకటిన్నర అంగుళాలు. సాబు రాయడం ఆపి అక్కడే చతికిలబడ్డాడు. "గీ మూడింటిని మా కట్టె లెక్కల చెప్పు," అన్నాడు, గొంతు తగ్గించి. మట్టిలో పుల్లతో లెక్క వేశాను. ఆరు. మూడు. రెండు. ముక్క మిగల్లేదు. ఇంగ్లీషు అడుగుతో కట్టేవాడెవడూ అలాంటి చిల్లర కొలతలు పెట్టుకోడు.

సంగతి విని మల్లయ్య పగలబడి నవ్వాడు. "మీ తాత గీడ పండుకున్నడా సాబూ? లేపు మరి, తూముకు రాళ్ళు మోస్తడు!"

"రేపు పొద్దుగాల దాక ఆగు మల్లయ్యా. కట్టె తెస్త. పట్టకపోతె మొదటి గడ్డపార నేనే ఏస్త."

మర్నాడు ఎడ్లబండి మీద తెరేసమ్మ కూడా వచ్చింది, కట్టెను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. మమ్మల్నెవరినీ ముట్టనివ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తనే కట్టెను పరిచింది. ఒకటి, రెండు, మూడు... కూలీలు పారలు దించి దగ్గరికి వచ్చారు. ఆరోసారి పరిచినప్పుడు ఇత్తడి తొడుగు సరిగ్గా గద్దె అంచు మీద ఆగింది. వెడల్పూ అంతే. ఎత్తూ అంతే. ఒక కొలత కాకతాళీయంగా కలిసిందనుకోవచ్చు, మూడూ కలిస్తే అలా అనుకోవడానికి వీల్లేదు.

అంతసేపూ చూస్తున్న నీరటి పోశం అప్పుడు నోరు విప్పాడు. చెరువు నీళ్ళు వదలడం, కాపలా కాయడం ఆయన పని. "చెరువు నిండి మత్తడి దుంకినప్పుడల్ల దీనికి సున్నం ఏస్తమమ్మా. మా తాత ఏసిండు, మా నాయిన ఏసిండు. ఎవలదో మాకెరుక లేదు. చెరువును చూసుకునెటోడు అనుకున్నం." అని, నీళ్ళ వైపున్న చివరను బాడిశెతో మెల్లగా గీకాడు. సున్నం పొరలు పొరలుగా రాలింది. అడుగున రాతి మీద చెక్కిన శిలువ కనబడింది.

తెరేసమ్మ ఏడవలేదు. చప్పట్లు కొట్టి చిన్నపిల్లలా నవ్వింది. గబ్రియేలు సాబు రుమాలు తీసి మొహం తుడుచుకుని, "ఇగ లేపుమంటవా మల్లయ్యా?" అన్నాడు.

"పండుకోనియ్యి సాబూ," అన్నాడు మల్లయ్య. "రాళ్ళు గుట్టకెళ్ళి తెస్త."

అది పండుగ రోజు కాదు. అయినా తెరేసమ్మ కొంగులోంచి మైనపువత్తి తీసింది. నీళ్ళ మీది గాలికి ఆరిపోతుంటే సాబు, మల్లయ్య, పోశం అరచేతులు అడ్డుపెట్టారు. వత్తి నిలబడ్డాక ఆమె పోశం వైపు తిరిగి, "నాకంటె ముందుగాల మీరే చూసుకున్నరు బిడ్డా," అని చేతులు జోడించింది.

ఆ ఏడాదే గబ్రియేలు సాబు పట్నం ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. వెతకవలసిన చెరువు ఇక మిగల్లేదు కదా. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు కొలతలను సాపు చేసి తెస్తే నేను తిప్పి పంపిస్తాను. విసుక్కుంటారు, చాదస్తమంటారు, అననీ. మన అడుగులో ఇమడని కొలత కనిపిస్తే నేను దాన్ని తప్పు అని రాయను. అది ఎవరి చేతికి సరిగ్గా సరిపోయిందో తెలిసేదాకా, ఆ రాయిని ఎవరినీ కదపనివ్వను.