పడుగు పోగుతో కొలిచిన తల

నా బుర్రలో ఏమీ లేదని మా పంతులుగారు మూడో తరగతిలోనే తేల్చి ఇంటికి పంపేశారు. ఆయన పొరబడ్డారు. నీళ్లున్నాయి.

నేసిన బట్టలతో పామర్రు వెళుతూ బండి మీదనుంచి పడితే, పుర్రె ఎముక లోపలికి దిగిందని బెజవాడలో ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున తల తడుముకుంటే, కుట్ల పక్కన నీళ్లు నింపిన తిత్తిలా ఏదో మెత్తగా కదిలింది. మళ్లీ బెజవాడ వెళ్లాం.

డాక్టరుగారు వేలితో నొక్కి చూశారు. "సెరిబ్రో స్పైనల్ ఫ్లూయిడ్. మెదడు చుట్టూ ఉండే నీరు, పొర చిరిగినచోట ఊరుతోంది. దానంతటదే తగ్గొచ్చు. తల ఎత్తుగా పెట్టి పడుకో, వంగకు. ఇంట్లోవాళ్లు రోజూ వాపు కొలవాలి. పెరిగినా, జ్వరమొచ్చినా ఆ పూటే రావాలి. సూదితో తీస్తాం."

"ఆలస్యమైతేనండీ?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "మెనింజైటిస్, మెదడు పొరకు చీము పడుతుంది. అప్పుడు నా చేతిలో ఉండదు."

నా భార్య మాణిక్యం రోజూ పొద్దున్నే పడుగు పోగొకటి నా తలచుట్టూ తిప్పి, కలిసినచోట ముడేసి మేకుకు తగిలించేది. వంటయ్యాక పాతవాటి పక్కన పెట్టి చూసేది. కొలవడం మొదలెట్టిన ఆరో రోజు ఆమె పొయ్యి దగ్గరకు వెళ్లగానే నేనే చూశాను. వేలిమందం పెరిగింది. తలలోకి సూది దిగుతుందన్న భయంతో ఆ పోగు పారేసి, పేక నూలు చుట్టిన కండెలోంచి ఒకటి తెంపి పాత కొలతకే ముడేశాను. మర్నాడూ అంతే.

ఎనిమిదో రోజు ఆమె ఆ పోగుల్ని వేళ్లమధ్య నలిపింది.

"ఏమండీ, ఇవి నేను కట్టినవి కావు. నా పోగుకు గంజి ఉంటుంది. ఇది కండెలో నూలు."

నా నుదుటి మీద చెయ్యి వేసింది. కాలుతోంది.

"ఇదీ హాస్యమేనా?" అంది. ఆ పూటే బండి కట్టించింది.

సూదితో నీరు తీసి తలకు బిగుతుగా బ్యాండేజీ కట్టారు. రెండు రోజుల్లో మళ్లీ నిండింది. తర్వాత నడుములో సూది గుచ్చి నీరు తీసే లంబర్ పంక్చర్, మూడు గంటలకోసారి పెన్సిలిన్. పక్క మంచం ఖాళీ అయిన రోజు, ఆ మనిషి ఎటు పోయాడని అడగడానికి కూడా నోరు రాలేదు. ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ నాకు ఒక్క హాస్యం తోచలేదు. మూడో పంక్చర్ తర్వాత వాపు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మగ్గం మీద కూర్చుంటున్నాను. పోగు అతకడానికి వంగితే చెయ్యి ముందు తలమీదికే పోతుంది. ఇలాంటి ఆపరేషన్ అయినవారికి నేను చెప్పేదొకటే: వాపు కొలిచే పని, ఆ కొలత దాచే పని కూడా ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. భయపడ్డవాడి చేతిలో కొలత నిలవదు.

మొన్న మాణిక్యంతో అన్నాను, "నీళ్లన్నీ తీసేశారుగా, ఇక ఆ పోగు పక్కన పెట్టవే."

"నీళ్లే తీశారండీ. దొంగబుద్ధి లోపలే ఉంది. తల ఇటు పెట్టండి."