మైసూరులో పక్కపక్కన

మొన్న మా కూతురూ అల్లుడూ ఇంటికి వచ్చి, పొయ్యి మీద టీ కాగేలోపల ఫోనులోనే మైసూరుకు రైలు టికెట్లు, లాడ్జిలో గది, అన్నీ కుదుర్చుకున్నారు. పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తోందట, పిల్లలను మా దగ్గర వదిలి ఈ చలికాలంలో ఇద్దరే మంచి ఊళ్లో నాలుగు రోజులు గడిపి వస్తారట. "అమ్మా, నువ్వూ నాయనా పోయింటిరి గదా, ఆడ ఏం చూడాల?" అని కూతురు అడిగింది. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా, గడప దగ్గర కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్న మా ఆయన మీసాల్లో నవ్వుకోవడం కనిపించింది. నా ఈడు ఆడవాళ్లకైతే ఆ నవ్వు ఎందుకో చెబితే అర్థమవుతుంది. అందుకే ఇది వాళ్లకోసం రాస్తున్నాను.

మాది బద్వేలు. మా ఆయనది దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టే పని. తండ్రిదీ తాతదీ అదే పని. నా బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది కానీ, చదువు ఆగలేదు. అంగడికి అన్నం క్యారియరు తీసుకుపోయి ఇచ్చి, తిరుగు దారిలో శాఖా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. మొదట్లో ఆడవాళ్ల బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉండేదాన్ని, చీర కొంగుకు అంటిన దూది ఇంకా దులుపుకోకుండానే. వారపత్రికలతో మొదలుపెట్టి, నవలలు, దేశదేశాల యాత్రల పుస్తకాలు, చివరికి ఎవరూ ముట్టని అట్లాసు దాకా పోయాను. కన్నడం నేర్పే చిన్న పుస్తకం ఒకటి దొరికితే, ఆ అక్షరాలు మన అక్షరాలకు తోబుట్టువుల్లా ఉన్నాయని సరదాకు అదీ నేర్చుకున్నాను. ఎందుకు పనికొస్తుందని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

ఆ పత్రికల్లోనే ఎక్కడో చదివాను, కొన్ని దేశాల్లో పెళ్లయి చాలా ఏళ్లయిన ఆలుమగలు చలికాలంలో పిల్లాజెల్లా లేకుండా ఏదో ఒక నగరానికి పోయి, చేతిలో చెయ్యి వేసుకుని వీధుల్లో తిరిగి వస్తారని. అది చదివినప్పటి నుంచి నా మనసులో ఒకటే కోరిక. నగరం మీద కాదు, ఆ నడక మీద.

ఎందుకంటే మా వీధిలో మగవాడు ముందు నడుస్తాడు, పెళ్లాం నాలుగు బారల వెనక నడుస్తుంది. పెళ్లిళ్లకు పోయినా, దర్గాకు పోయినా, ఆసుపత్రికి పోయినా అంతే. పక్కపక్కన నడిస్తే టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లు కొత్త పెళ్లికొడుకని ఏడిపిస్తారు. మా ఆయన మంచి మనిషే, నాతో మాట్లాడకుండా నాలుగడుగులు కూడా వేయడు, కాకపోతే ఆ మాటలన్నీ ముందుకు చూస్తూనే చెబుతాడు. పాతికేళ్లు నేను ఆయన వీపుతో కాపురం చేసినట్టు లెక్క.

కూతురి పెళ్లి అయిపోయిన ఏడాది, ఇక ఆగలేక అడిగేశాను.

"చలికాలంలో యాడికి పోతాం మే? జనాలు బొంతలకు ఎగబడతాండారు," అన్నాడు.

"ఎండాకాలం అడిగితే పరుపులు తిరగేసి కుట్టాలంటావు, వానాకాలం అడిగితే దూది నెమ్మెక్కుతాదంటావు. నీకు తీరిక యాడ దొరుకుతాది, గోరీలోనా?"

"సరే, పోయినామే అనుకో. ఆడ ఏం చేస్తాం?"

"నడుస్తాం."

"నడిచేదానికి మైసూరు దాకా పోవాల్నా? ఈడ రోడ్లు లేవా?"

"ఈడ నువ్వు నడుస్తావు. నేను నీ యెనకాల వస్తాను."

"అది నడిచేది కాదా?" అని అమాయకంగా అడిగాడు. కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు.

మా ఆడబిడ్డకు తెలిసి పరుగున వచ్చింది. "కూతుర్ని అత్తగారింటికి పంపి యాడాది కాలేదు, నీకు షికార్లు కావాల్సి వచ్చిందా వదినా? గ్రంథాలయానికి పోతే ఇట్లే ఉంటాది," అని మూతి తిప్పింది. నేను మాత్రం పోట్లాట మానేసి వేరే దారి పట్టాను. మైసూరు మీద ఉన్న పుస్తకం ఇంటికి తెచ్చి, సాయంత్రాలు ఆయన దిండ్లు కుడుతుంటే పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆయనకు చదువు రాదు కానీ వినడం చాలా బాగా వచ్చు. పూలతోటలు, గుర్రపు బళ్లు, చందనం, దేనికీ ఆయన కదలలేదు. ఆదివారం సాయంత్రం మహలు మొత్తానికి ఒక్కసారిగా దీపాలు వెలిగిస్తారని చదివినప్పుడు మాత్రం సూది ఆగిపోయింది.

"ఆదివారమేనా? ఆ పొద్దే కరెంటు పోతే?" అన్నాడు.

ఆ ప్రశ్న వినగానే సగం గెలిచానని నాకు తెలిసిపోయింది. అంగడి చూసుకోవడానికి మా మరిది ఒప్పుకున్నాడు. ఆదివారానికి అక్కడ ఉండేట్టు కడప బస్సు, అక్కడినుంచి బెంగళూరు బస్సు, ఆపైన మైసూరు రైలు, ఏ పూట ఎక్కడుండాలో అంతా నేనే నిర్ణయించాను.

లాడ్జి పరుపుల మీద నమ్మకం లేక ఆయన కొత్తగా కుట్టిన బొంత ఒకటి చుట్టి భుజాన వేసుకుని బయలుదేరాడు. బెంగళూరు స్టేషనులో ఒకామె దాన్ని తడిమి చూసి వెల అడిగితే, అలవాటు కొద్దీ బేరానికి దిగాడు. "అది మనం కప్పుకొనేదయ్యా!" అని నేను లాక్కోవలసి వచ్చింది.

మైసూరులో దిగగానే నా కన్నడ అక్షరాలకు పని దొరికింది. బస్సుల బోర్డులు, వీధుల పేర్లు గడగడా చదివేశాను. ఆయన నోరు తెరుచుకుని చూశాడు. అయినా నడక మాత్రం మారలేదు. దారి తెలియని మనిషి ముందు, తెలిసిన మనిషి వెనక. "ఎడమకు తిరుగు, ఇంకా ముందుకు పో, ఆ మూల దగ్గర నిలబడు," అని నేను వెనకనుంచి కేకలు వేస్తుంటే ఆయన బండికి కట్టిన ఎద్దులా తిరిగేవాడు. ఎవరూ ఎరగని ఊళ్లో కూడా ఆయనకు మా టీ అంగడి కనిపిస్తూనే ఉందేమో. ఇంత దూరం వచ్చి కూడా చూసేది ఆ వీపునేనా అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం మహలు ముందు మైదానంలో జనం కిక్కిరిసి ఉన్నారు. బాగా చలిగా ఉంది. ఆయన యథాప్రకారం ముందు పోతూ, ఇన్ని దీపాలు ఒక్క మీటతో ఎట్లా వెలుగుతాయో అని ఏదో చెబుతున్నాడు. నేను ఆగిపోయాను. ముందుగా అనుకుని చేసింది కాదు, కాళ్లే ఇక ముందుకు పడలేదు. ఆయన పది, పదిహేను అడుగులు మాట్లాడుకుంటూనే పోయి, జవాబు రాకపోయేసరికి వెనక్కి తిరిగాడు.

"మేయ్!" అని పిలిచాడు. నేను పలకలేదు. "మేయ్, యాడుండావు?" అని ఇంకొంచెం గట్టిగా అరిచాడు. అంత జనంలో 'మేయ్' అంటే ఎవరని పలుకుతారు? జనాన్ని తోసుకుంటూ నా పక్కనుంచే, నన్ను చూడకుండానే రెండుసార్లు పోయాడు. ఆ తరువాత మహలుకు వీపు తిప్పి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "దస్తగిరమ్మా! ఓ దస్తగిరమ్మా!" అని మైదానమంతా వినబడేలా అరిచాడు.

పాతికేళ్లలో ఆయన నోట నా పేరు వినడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే దీపాలు వెలిగాయి. జనమంతా ఓహో అని అరిచారు. నేను మహలును చూడలేదు. ఆ బంగారు వెలుతురులో నాకోసం వెతుకుతున్న ఆయన ముఖాన్ని చూశాను. ఏ పుస్తకంలోనూ అటువంటి బొమ్మ నాకు కనిపించలేదు.

"ఈడనే ఉండా," అన్నాను.

"తప్పిపోయినావనుకుంటి గదా మే!" అన్నాడు.

"నేను కాదు, నువ్వు తప్పిపోయింది. నేను నిలబడిన కాడనే ఉండా."

ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. పక్కపక్కన నడవడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని ఆ రాత్రి తెలిసింది. భుజాలు తగిలేవి, ఆయన అడుగు ముందుకు పడిపోయేది, నాలుక కరుచుకుని ఆగేవాడు. మూడో రోజుకు ఇద్దరికీ అడుగు కుదిరింది.

కానీ నాకు అసలు భయం బద్వేలు బస్టాండు గురించే. బస్సు దిగగానే నా కాళ్లు వాటంతటవే వెనకబడ్డాయి. ఆయన బొంత భుజానికెత్తుకుని, టీ అంగడి మలుపు దగ్గర ఆగి, నేను పక్కకు వచ్చేదాకా కదలలేదు. బెంచీ మీదనుంచి ఒక గొంతు లేచింది. "ఏమప్పా కొత్త పెండ్లికొడకా, మైసూరు గాలి తగిలినట్టుండాదే!"

"శానా తగిలిందప్పా. నువ్వు కూడా మీ ఇంటామెను పిల్చుకోని పోయి తగిలించుకోని రా," అన్నాడు మా ఆయన, నడక ఆపకుండా, నా పక్కనే.

బెంచీ అంతా ఘొల్లుమంది. నేను తల దించుకోలేదు. మా ఇంటి దాకా, తలుపులు తెరుచుకుని చూస్తున్న ప్రతి గడప ముందునుంచీ, మా ఆడబిడ్డ గడప ముందునుంచి కూడా, అట్లాగే నడిచాము.

ఇప్పుడు మా వీధిలో పెళ్లయిన పిల్లలు చేతులు పట్టుకుని నడుస్తారు, బండ్ల మీద ఆనుకుని కూర్చుని పోతారు. ఎవరూ తలెత్తి చూడరు. ఇట్లా మారినందుకు నాకు సంతోషమే. కూతురికి మహలు చూడమనీ, తోటలు చూడమనీ చెప్పి పంపాను. ఇక ఆ నడక మాట ఎట్లా చెప్పను? చూసి నవ్వేవాళ్లు అంతమంది ఉన్న వీధిలో ఒక మనిషి నాకోసం ఆగి నిలబడ్డాడు. నవ్వేవాళ్లే లేని కాలంలో నడిచే పిల్లలకు, ఆ ఆగడం ఎంత పెద్దదో ఎట్లా తెలుస్తుంది?