వియ్యంకుడి అంగి

ముప్పై ఎనిమిదేళ్లు కుట్టుమిషన్ తొక్కిన కాళ్లు నావి. కుర్చీలో కూర్చుంటే చాలు, పాదాలు వాటంతట అవే ముందుకూ వెనక్కూ ఆడతాయి. హన్మకొండ చౌరస్తా పక్క సందులో ఉన్న నా దుకాణంలో ఇది ఎవరికీ పట్టదు. ఐర్లాండ్‌లో మా బిడ్డ ఇంట్లో మాత్రం అందరికీ పట్టింది. అక్కడ చెక్క నేల. నేను సోఫాలో కూర్చుంటే ఇల్లంతా టకటకమనేది. పసిపిల్ల లేస్తుంది, కాళ్లు ఆపమని మా ఆమె రోజుకు పదిసార్లు కసిరేది. కాళ్లు ఆపితే చేతులు మొదలయ్యేవి.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలంటారు. మా బిడ్డకు ఉద్యోగం, డాక్టరు, అన్నీ అక్కడే కాబట్టి పుట్టిల్లే విమానం ఎక్కవలసి వచ్చింది. మా ఆమె వెళ్తున్నదంటే అర్థముంది. నీళ్లు పోయాలి, పథ్యం వండాలి, బాలింతను చూసుకోవాలి. నేనెందుకు వెళ్తున్నానని మా వీధిలో ఇస్త్రీ చేసే మిత్రుడు అడిగితే, సూట్‌కేసులు మోయడానికన్నాను. నవ్వులాటకు అన్న మాట అక్షరాలా నిజమైంది. మోయడం మొదటి రోజుతో అయిపోయింది. మిగిలిన ఐదు నెలలు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

అసలు తప్పు శంషాబాద్ విమానాశ్రయంలోనే జరిగింది. మాలో పసిబిడ్డకు ఇరవై ఒకటో రోజు దాకా కొత్త బట్ట తొడగరు. పెద్దవాళ్లు కట్టి, ఉతికి, మెత్తబడ్డ నూలుబట్టనే జుబ్బలుగా కుట్టి వేస్తారు. ఒళ్లు గీరుకోదు, పైగా పెద్దల ఆయుష్షు పిల్లకు వస్తుందని నమ్మకం. మా ఆమె తన పాత చీరలు, నా పాత ధోవతులు ఉతికి, ఎండబెట్టి, ఒక మూట కట్టింది. తూకంలో సామాను ఎక్కువైంది. మామిడికాయ తొక్కు డబ్బా తీయాలా, మూట తీయాలా అన్న పంచాయితీ వచ్చింది. వెనుక లైను పెరిగిపోతోంది. నాకు ఒళ్లు మండింది. ఆ దేశంలో బట్టల దుకాణాలు లేవా, పాత పేలికలకు విమానమెందుకని, మూట తీసి మమ్మల్ని దింపడానికి వచ్చిన మా బామ్మర్ది చేతిలో పెట్టాను. మా ఆమె దుబాయ్ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మేం వెళ్లిన పదో రోజున మనుమరాలు పుట్టింది. దుకాణంలో కొన్న కొత్త బట్టలు వేశారు. నాలుగో రోజుకు మెడ కింద, చంకల్లో ఎర్రగా పొక్కింది. ఇంటికొచ్చిన నర్సు ఇది మామూలే, తగ్గిపోతుందని ఒక క్రీము రాసిచ్చి పోయింది. మా ఆమె నర్సు వంక చూడలేదు, నా వంక చూసింది.

ఆ చూపు తర్వాత నాకు ఇంట్లో నిలకడ లేకుండా పోయింది. ఏదైనా పని చెప్పమంటే, కూర్చోండి మామా అని అల్లుడు టీవీ పెట్టేవాడు. అంట్లు తోమడానికి మిషను, బట్టలు ఉతకడానికి మిషను, నాకు మాత్రం మిషను లేదు. సూట్‌కేసులో తెచ్చుకున్న కత్తెర, టేపు, సూదులతోనే అల్లుడి చొక్కాల గుండీలన్నీ బిగించాను. బాగున్న కర్టెన్ల అంచులు విప్పి మళ్లీ కుట్టాను. బయటికి వెళ్తే సన్నని వాన. వీధి చివరిదాకా నడిచి తిరిగి వచ్చేవాణ్ని, చొక్కా మార్చుకుని మళ్లీ నడిచేవాణ్ని. ఇప్పుడు మన దగ్గర ఎంతైంది, చౌరస్తాలో ఎవరి దుకాణం తెరిచి ఉంటుంది, పెళ్లిళ్ల బట్టలన్నీ ఎవరి చేతికి పోతున్నాయి అని లెక్కలు వేసుకునేవాణ్ని. నేను వచ్చింది ఎందుకో నాకే తెలియకపోవడం చాలా అవమానంగా ఉండేది.

పాప పుట్టిన పన్నెండో రోజనుకుంటాను. అల్లుడు ఆఫీసుకు పోయాడు, బిడ్డా పాపా నిద్రలో ఉన్నారు, మా ఆమె వంటింట్లో ఉంది. మాకిచ్చిన గదిలో బీరువా తెరిచి ఊరికే సర్దుతున్నాను. ఒక మూలన హ్యాంగర్‌కు ఒక అంగి వేలాడుతోంది. లేతనీలం గళ్ల నూలుబట్ట, కాలరు అంచు చిరిగింది, ఇస్త్రీ లేదు. వేళ్ల మధ్య రుద్ది చూశాను. వెన్న. ఎన్ని వందల ఉతుకులు పడితే బట్టకు ఆ మెత్తదనం వస్తుందో నాకు తెలుసు.

కొలత చూశాను. భుజాలు వెడల్పు, పక్కలు ఇరుకు. ఎవడో చేతగాని దర్జీ కుట్టాడనుకున్నాను. ఛాతీ ముప్పై తొమ్మిదికి మించదు కాబట్టి అల్లుడి పాత అంగి అయి ఉంటుందనుకున్నాను. ముందు గదిలో పాత బట్టల సంచీ ఒకటుంది, లేనివాళ్లకు ఇచ్చేస్తామని బిడ్డ అంతకుముందే చెప్పింది. ఇది కూడా ఆ సంచీలోకే పోవలసిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. దుకాణంలో ఎవరైనా పాత బట్ట తెచ్చి చిన్నది చేయమంటే, కత్తెర పెట్టే ముందు రెండుసార్లు అడుగుతాను. ఆ రోజు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే వద్దంటారేమో, కూర్చోమంటారేమోనని నా భయం.

పసిపిల్లకు కదా అని సబ్బు పెట్టి, వేడినీళ్లలో రెండుసార్లు ఉతికాను. హీటర్ మీద ఆరబెట్టాను. పక్క కుట్లు గట్టిగా ఉంటాయి, పిల్లకు గుచ్చుకుంటాయని వాటిని పట్టీలుగా కోసి పక్కన పడేశాను. ముందు భాగాలు రెండూ, వీపు భాగం కలిపి మూడు జుబ్బలు వచ్చాయి. కుట్లు పైకి ఉండేలా, గుండీలు లేకుండా నాడాలతో, మొత్తం చేతికుట్టుతో సాయంత్రానికి పూర్తిచేశాను. అన్ని గంటలు నా కాళ్లు కదల్లేదని మా ఆమే తర్వాత చెప్పింది. జుబ్బ చూడగానే ఆమె మొహం విప్పారింది. విమానాశ్రయం తర్వాత నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. పాపకు తొడిగి, దిష్టి తీసి పడుకోబెట్టింది.

అల్లుడు వచ్చి చేతులు కడుక్కుని పాపను ఎత్తుకున్నాడు. ఎత్తుకుని అలాగే నిలబడిపోయాడు. జుబ్బ అంచును రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఈ బట్ట యాడిది మామా?"

నేను గర్వంగా చెప్పాను, బీరువాలో ఊరికే పడి ఉంటే పనికి తెచ్చానని.

"ఉతికిన్రా?"

"రెండుసార్లు. మంచిగ మసిలే నీళ్లల్ల" అన్నాను.

తల ఊపాడు. మంచిగైంది మామా అని పాపను మా ఆమె చేతికిచ్చి మేడమీదికి పోయాడు. పైన నల్లా నీళ్లు చాలాసేపు పోతూనే ఉన్నాయి.

సంగతి మర్నాడు పొద్దున బిడ్డ చెప్పింది. అది వాళ్ల మామగారి అంగి, అంటే నా వియ్యంకుడిది. రెండేళ్ల కిందట ఆయన నిద్రలోనే పోయారు. అల్లుడికి టికెట్ దొరికి వాళ్ల ఊరు మంచిర్యాల చేరేసరికి మూడో రోజైంది, ఆగలేక పెద్ద కొడుకే తలకొరివి పెట్టాడు. ఆయన బట్టలన్నీ అప్పటికే ఇచ్చేశారు. గోడమేకుకు ఒక్క అంగి మిగిలింది, పోయే ముందు రోజు విప్పి తగిలించింది. అల్లుడు దాన్ని ఉతకకుండా తెచ్చుకుని, అప్పుడప్పుడు బీరువా తెరిచి అందులో మొహం పెట్టుకుని నిలబడేవాడట. వాళ్ల గదిలో పాప సామాను నిండిపోతే, బిడ్డే దాన్ని మా గదిలోకి మార్చి, మాకు చెప్పడం మరిచిపోయింది.

ముందు బిడ్డ మీదే అరిచాను. చెప్పొద్దా అని, తాళమన్నా వేయొద్దా అని. అది ఏడ్చింది. ఆ అంగి ఆయనది కానే కాదని కూడా వాదించాను. పెళ్లప్పుడు ఆయన షేర్వాణీకి కొలతలు తీసింది నేనే. ఛాతీ నలభై నాలుగు, నిండైన మనిషి, నడుం చుట్టూ టేపు తిప్పడానికి ఇంకొకరు సాయం కావాలని పరాచికమాడాను కూడా. ఆయన అంతకంటే గట్టిగా నవ్వాడు. చావుకు వెళ్లినప్పుడు పూలదండల మధ్య మొహం మాత్రమే కనిపించింది. ఈ అంగి ఆయన కొలత కాదు, పెద్ద కొడుకుది అయి ఉంటుందన్నాను. బిడ్డ కాదంది. పనిలేక పిల్లి తల గొరిగినట్టు చేశావని మా ఆమె ఒక్కమాటంది.

బట్ట కోస్తే కుట్టొచ్చు. పోయిన వాసనను ఏ దర్జీ తెస్తాడు? అల్లుడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అంతకుముందు కంటే ఎక్కువ మర్యాద చేశాడు, పొద్దున్నే చాయ్ కప్పు నా చేతికి తెచ్చి ఇచ్చేవాడు. అతనింట్లో ఇక ఏ మొహంతో ఉండాలి? వానలో తడుస్తూ వీధి చివరికి నడిచేవాణ్ని. ఐదో రోజు, నా టికెట్ ముందుకు మార్చమని, మా ఆమె తర్వాత వస్తుందని బిడ్డకు చెప్పాను.

శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర మిగిలిన బట్ట ముక్కలు సర్దుతున్నాను. చేతులు, కాలరు, జేబు, భుజం ముక్కలు, పక్క పట్టీలు. పారేయడానికి మనసు రాలేదు, ఏం చేయాలో తెలియలేదు. అల్లుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"టికెట్ మార్చమన్నరట. ఎందుకు మామా?"

నాకు డొంకతిరుగుడుగా మాట్లాడటం రాదు. తప్పు చేశాను, నన్ను క్షమించు బిడ్డా అన్నాను. అతను కంగారుపడి నా చేయి పట్టుకున్నాడు. వాసన ఎప్పుడో పోయిందని, తానే ఇంకా ఉందనుకుంటున్నానని చెప్పాడు. పాపకు తాత అంగి దొరికింది, ఇంతకన్నా ఏం కావాలన్నాడు. నాకోసం అంటున్నాడని తెలుస్తూనే ఉంది, అయినా ప్రాణం కొంచెం కుదుటపడింది.

తర్వాత తండ్రి గురించి మాట్లాడాడు. పెళ్లయినప్పటి నుంచీ నాతో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌కు ఆయన ఈ అంగే తొడుక్కుని, దువ్వుకుని కూర్చునేవాడట. కొడుకు మొదటి జీతంతో కొనిచ్చిన బట్టట అది.

"ఎన్నడు చూసినా ఒక్కతీరుగనే ఉండేటోడు మామా. పోయేముందటి ఆదివారం గూడ గట్లనే ఉన్నడు. ఏ బాధ పడకుంట పోయిండు. మా బాపు నా తాన ఏదీ దాయలే. నాకు గదొక్కటే ధైర్యం."

మాట వింటూ నా వేళ్లు వాటి అలవాటు చొప్పున ముక్కలు తడుముతున్నాయి. చేతిలో పక్క పట్టీ ఉంది. దాన్ని వెలుతురుకు తిప్పాను. కోసిన రోజు తొందరలో చూడలేదు. దారం ఉన్న కుట్టుకు అవతల సూది రంధ్రాల వరస ఒకటి, దానికవతల ఇంకొకటి. లోపలికి మడిచిన ఆ బట్ట రంగు వేర్వేరుగా ఉంది. కుట్టు పక్కది పైబట్ట అంతే వెలిసింది, రెండు వరసల మధ్యది అంతకన్నా తక్కువ. అంటే ఈ అంగిని రెండుసార్లు లోపలికి వేసి కుట్టించారు, రెండోసారి ఆయన పోవడానికి ఎంతో ముందు కాదు. నలభై నాలుగు ఛాతీ ముప్పై తొమ్మిదికి వచ్చింది అలాగన్నమాట. కాలరు చిరిగిన అంగికి పక్కలు బిగించమని నా దుకాణానికి ఈ వయసువాళ్లు ఎవరూ రాలేదు. వాళ్లు వదులు బట్టే ఇష్టపడతారు. ఎదుట కూర్చుని చూసే మనిషికి అంగి వేలాడినట్టు కనిపించకూడదనుకున్నవాడే ఆ పని చేయిస్తాడు. అది కుట్టినవాణ్నే నేను చేతగాని దర్జీ అనుకున్నాను. ఎంత నాణెంగా కుట్టాడో అప్పుడు చూశాను. వియ్యంకుడికి ఏ జబ్బో, ఎన్నాళ్లు మోశాడో బట్ట చెప్పదు. మిగతాదంతా చెప్పింది.

"అంగి చూస్తే మీకు మనిషి తెలుస్తడని మీ బిడ్డ అంటది" అన్నాడు అల్లుడు. "మా బాపు గురించి ఏం తెల్సింది మామా?"

నేను నోట్లో మాట ఆగని మనిషినని హన్మకొండలో అందరికీ తెలుసు. ఒక్క క్షణం ఆ మాట పెదాల దాకా వచ్చింది.

కుడి భుజం ముక్క అరిగిన చోటు చూపించాను, సంచీ ఎప్పుడూ ఆ భుజానికే వేసుకునేవాడన్నాను. జేబు అడుగు చూపించాను, కళ్లద్దాలు అందులోనే పెట్టేవాడన్నాను. అవును, అవునంటూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. మనసుపడి తొడుక్కున్న అంగి అన్నాను. అది అబద్ధం కాదు. టికెట్ మార్చేది లేదని అతను ఖాయంగా చెప్పేశాడు.

లేచే ముందు ముక్కలన్నీ తను దాచుకుంటానని ఒక కవరు తెచ్చాడు. చేతులు, కాలరు, జేబు, భుజం ముక్కలు ఒక్కొక్కటే మడిచి ఇచ్చాను. కవరు మూస్తూ, గివేనా మామా అన్నాడు. గివే బిడ్డా అన్నాను. పక్క పట్టీలు రెండూ అప్పటికే నా స్వెట్టరు జేబులో ఉన్నాయి.